నలుగురి బాధ్యత

(పాఠ్యపరిచయం: వివిధ మతాలవారు ఇరుగుపొరుగున నివసించేచోట ఒకరి ఆచారాలను మరొకరు తెలిసికోవడం అవసరం. ముస్లింల అంత్యక్రియల విధానాన్ని, ఆప్తులను పోగొట్టుకొన్న కుటుంబానికి సమాజం అండగా నిలిచే తీరును ఈ పాఠం వివరిస్తుంది.)

పోయేనాడు మోయడానికి నలుగురు ఉండాలని మన పెద్దలు అంటారు. మనిషి కూడబెట్టిన ఆస్తిపాస్తులకంటె అతని వెంట నడిచే నలుగురు మనుషులే గొప్ప అని ఆ మాటకు అర్థం. చావు ఇంటింటా ఉన్నదే. కాని చావు జరిగిన ఇంట్లో ఆ వేళ ఎవరికీ కాలూ చేయీ ఆడదు. చేయవలసిన పనులు మాత్రం ఆగవు. ఆ పనులు ఎవరు చేయాలి? ఖర్చు ఎవరు భరించాలి? పోయినవాని అప్పులు ఎవరు తీర్చాలి? మిగిలిన భార్యాబిడ్డలను ఎవరు చూడాలి? ప్రతి సమాజమూ ఈ ప్రశ్నలకు తనదైన సమాధానం ఏర్పరచుకొన్నది. ముస్లిం సమాజం ఏర్పరచుకొన్న సమాధానాన్ని తెలిసికోవడానికి హోసూరు, కృష్ణగిరి ప్రాంతం అనువైన చోటు.

కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాలను ఆనుకొని తమిళనాడులో కృష్ణగిరి జిల్లా ఉంది. ఇది 2004 ఫిబ్రవరి 9న ధర్మపురి జిల్లానుండి విడిపోయి ఏర్పడింది. ఇక్కడి వీధులలో తమిళం, తెలుగు, కన్నడం, దక్కనీ ఉర్దూ వినిపిస్తాయి. ఒకే అంగడి ముందు నాలుగు భాషలవారు నిలబడి బేరం చేయడం ఇక్కడ వింత కాదు. పండుగనాడు ఇచ్చిపుచ్చుకోవడమూ ఉంది. అయితే పక్క వీధిలో ముస్లింల ఇంట ఎవరైనా మరణిస్తే ఏమి చేయాలో, ఏమి చేయకూడదో తెలియక చాలామంది దూరంగా నిలబడిపోతారు. పండుగలో పాలుపంచుకోవడం సులభం. దుఃఖంలో పాలుపంచుకోవాలంటే కొంత తెలిసి ఉండాలి.

ఇస్లామీయ ధర్మశాస్త్రం విధులను రెండు రకాలుగా విభజించింది. మొదటిది ఎవరికి వారు చేసి తీరవలసిన విధి. రోజుకు ఐదుసార్లు చేసే నమాజు ఇలాంటిది. ఒకరి బదులు మరొకరు దానిని చేయడానికి వీలులేదు. రెండవది సమాజం మొత్తంమీద ఉన్న విధి. దీనిని 'ఫర్జ్ కిఫాయా' అంటారు. ఊరిలో కొందరు ముందుకు వచ్చి దానిని నెరవేరిస్తే అందరి భారమూ దిగిపోతుంది. ఎవరూ ముందుకు రాకపోతే ఊరంతా దోషం మోయవలసిందే. చనిపోయినవారికి స్నానం చేయించడం, వస్త్రం చుట్టడం, ప్రార్థన చేయడం, ఖననం చేయడం ఈ రెండవ రకానికి చెందినవి. అంటే మృతదేహాన్ని సాగనంపే పని ఆ ఇంటివారిది మాత్రమే కాదు. అది నలుగురి బాధ్యత.

హోసూరువంటి పట్టణంలో ఈ నియమం విలువ బాగా తెలుస్తుంది. పరిశ్రమలు పెరిగినకొద్దీ పొట్టచేత పట్టుకొని దూర రాష్ట్రాలనుండి ఎందరో ఇక్కడికి వచ్చారు. అలా వచ్చిన ముస్లిం కార్మికుడు ఒంటరిగా మరణిస్తే అతనికి ఈ ఊరిలో అన్నదమ్ములు ఉండకపోవచ్చు. అతని భాష కూడా ఇరుగుపొరుగుకు తెలియకపోవచ్చు. అయినా అతడు దిక్కులేనివాడు కాడు. అతడు మరణించిన ఊరిలోని ముస్లింలందరూ అతనికి ఋణపడి ఉన్నట్లే ధర్మశాస్త్రం భావిస్తుంది.

మరణం సంభవించగానే కన్నులు మూస్తారు. నోరు తెరచి ఉండకుండా గడ్డం కింది నుండి వస్త్రంతో కడతారు. దేహాన్ని దుప్పటితో కప్పుతారు. వార్త విన్నవారు మనిషి దేవుని సొత్తు అనీ, చివరకు అక్కడికే చేరాలనీ భావం గల అరబ్బీ వాక్యాన్ని ఉచ్చరిస్తారు. మసీదులో మరణవార్తను, ప్రార్థన వేళను ప్రకటిస్తారు. కన్నీరు పెట్టుకోవడం తప్పు కాదు. ముహమ్మదు ప్రవక్త తన పసికుమారుడు ఇబ్రాహీం మరణించినప్పుడు కన్నీరు కార్చారని హదీసులు చెబుతున్నాయి. గుండెలు బాదుకోవడం, బట్టలు చింపుకోవడం మాత్రం కూడదని ప్రవక్త బోధించారు. ఖననాన్ని ఆలస్యం చేయకూడదనేది మరొక నియమం. అందువల్ల సాధారణంగా మరణించిన రోజుననే, లేదా మరునాడు అంత్యక్రియలు పూర్తి చేస్తారు.

మొదటి పని స్నానం. దీనిని 'గుస్ల్' అంటారు. పురుషులకు పురుషులు, స్త్రీలకు స్త్రీలు స్నానం చేయిస్తారు. దేహాన్ని ఎత్తయిన బల్లమీద పడుకోబెడతారు. నాభినుండి మోకాళ్ళవరకు వస్త్రం కప్పే ఉంచుతారు. ముందుగా శుభ్రపరచి, నమాజుకు ముందు కాళ్ళు చేతులు కడుగుకొన్నట్లే కడిగి, ఆ తరువాత కుడివైపునుండి మొదలుపెట్టి నీరు పోస్తారు. మూడుసార్లుగాని, అవసరమైతే ఐదు లేక ఏడుసార్లుగాని, అంటే బేసిసంఖ్యలో కడుగుతారు. చివరిసారి నీటిలో కర్పూరం కలుపుతారు. స్నానం చేయించేవారు మృతదేహంపై ఏదైనా లోపం చూచినా బయట చెప్పరాదు. బ్రతికినవానికి ఉన్న మర్యాదే చనిపోయినవానికీ ఉన్నదనేది దీనిలోని భావం.

ఈ విషయంలో ధర్మశాస్త్ర సంప్రదాయాలమధ్య చిన్న భేదాలు ఉన్నాయి. తమిళనాడులోని ఉర్దూ మాతృభాషగా గల ముస్లింలలో ఎక్కువమంది హనఫీ సంప్రదాయాన్ని అనుసరిస్తారు. తీరప్రాంతపు తమిళ ముస్లింలలో షాఫయీ సంప్రదాయం ఎక్కువ. భార్య భర్తకు స్నానం చేయించవచ్చునని రెండు సంప్రదాయాలూ అంగీకరిస్తాయి. భర్త భార్యకు చేయించవచ్చునని షాఫయీలు అంటారు, హనఫీలు అంగీకరించరు. పద్ధతిలో ఇలాంటి తేడాలున్నా దేహాన్ని గౌరవంగా చూడాలనే మూలసూత్రం ఒక్కటే.

రెండవ పని కఫన్ చుట్టడం. కఫన్ అంటే కుట్టులేని సాదా వస్త్రం. సాధారణంగా తెల్లని నూలుబట్టను వాడతారు. పురుషులకు మూడు, స్త్రీలకు ఐదు వస్త్రాలు ఉపయోగిస్తారు. పట్టుబట్ట పురుషులకు వాడరు. నగలు, ఉంగరాలు తీసివేస్తారు. నిన్నటివరకు మేడలో ఉన్నవారికీ, గుడిసెలో ఉన్నవారికీ ఈ తెల్లని బట్ట ఒక్కటే. ఖరీదైన కఫన్ కొనడం పుణ్యం కాదు. అది శుభ్రంగా ఉంటే చాలు.

మూడవ పని జనాజా నమాజు. జనాజా అనే మాటకు పాడెమీద ఉంచిన మృతదేహమనీ, శవయాత్ర అనీ అర్థాలు ఉన్నాయి. ఈ నమాజు తక్కిన నమాజులవలె ఉండదు. దీనికి అజాన్ పిలుపు లేదు. వంగడం, నేలకు నుదురు ఆనించడం లేవు. మృతదేహాన్ని ముందు ఉంచుకొని అందరూ వరుసలుగా నిలబడతారు. ఇమాం దేవుడు గొప్పవాడని నాలుగుసార్లు పలుకుతాడు. వీటిని తక్బీర్లు అంటారు. తక్బీర్ల నడుమ దైవస్తుతి, ప్రవక్తకొరకు ప్రార్థన, మరణించినవారికొరకు ప్రార్థన ఉంటాయి. చివర సలాంతో ముగిస్తారు. నాలుగైదు నిమిషాలలో పూర్తయ్యే ఈ ప్రార్థనకు ఎంత ఎక్కువమంది వస్తే అంత మంచిదని భావిస్తారు. అందుకే పరిచయం లేనివారు కూడా అంగళ్ళు కాసేపు మూసి వచ్చి వరుసలో నిలబడతారు.

పాడె సాధారణంగా మసీదుకు చెందినదై ఉంటుంది. పని ముగిసిన తరువాత దానిని కడిగి తిరిగి మసీదులోనే ఉంచుతారు. పేదవానిని మోసిన పాడెమీదనే ధనికుడినీ మోస్తారు. దారిలో భుజాలు మారుతూ ఉంటాయి. ఒక్కొక్కరు కొన్ని అడుగులు మోసి పక్కవారికి చోటు ఇస్తారు. మోయడానికి నలుగురు చాలు. కాని మోయాలని కోరుకొనేవారు నలభైమంది ఉండడమే ఆ కుటుంబానికి ఓదార్పు. మన ప్రాంతంలో సాధారణంగా స్త్రీలు ఇంటివద్దనే వీడ్కోలు పలుకుతారు.

ఖననస్థలాన్ని కబరస్తాన్ అంటారు. గోరీ అనే మాట తెలుగువారికి తరతరాలుగా పరిచితమే. పర్షియన్ భాషలో 'గోర్' అంటే సమాధి. గోయి తవ్వేవానిని ఉర్దూలో 'గోర్కన్' అనడమూ ఆ మాటనుండే వచ్చింది. అనేక కబరస్తాన్లు వక్ఫ్ భూములు. ఎవరో ఒక దాత ఒకనాడు దేవుని పేర శాశ్వతంగా వదలివేసిన నేల అది. అలాంటి నేలను అమ్మడానికీ, వారసులు పంచుకోవడానికీ వీలులేదు. సొంత సెంటు భూమి లేనివానికి కూడా చివరకు ఆరడుగుల నేల దొరకడానికి ఆ దాత ముందుచూపే కారణం.

ముస్లింలు మక్కాలోని కాబా దిశగా తిరిగి ప్రార్థిస్తారు. ఈ దిశను ఖిబ్లా అంటారు. మనకు అది రమారమి పడమటి దిక్కు. అందువల్ల ఇక్కడ గోయిని ఉత్తర దక్షిణాలుగా తవ్వుతారు. తల ఉత్తరానికి, కాళ్ళు దక్షిణానికి ఉంచి, ముఖం పడమటివైపు తిరిగేలా దేహాన్ని కుడిపక్కకు ఒరిగిస్తారు. నేల గట్టిగా ఉన్నచోట గోయి అడుగున పక్కగోడలో గూడు తొలుస్తారు. దీనిని లహద్ అంటారు. నేల వదులుగా ఉన్నచోట గోయి నడుమనే కాలువవలె మరొక పల్లం తవ్వుతారు. మట్టి నేరుగా దేహంమీద పడకుండా పలకలు అడ్డుపెడతారు. పిదప వచ్చినవారు ఒక్కొక్కరు మూడు దోసిళ్ళ మట్టి వేస్తారు. మనిషి మట్టినుండి వచ్చినవాడే అన్న సంగతిని అప్పుడు స్మరిస్తారు. గోరీని నేలకు జానెడు ఎత్తుమాత్రమే ఉంచడం మేలని ధర్మశాస్త్రజ్ఞులు చెప్పారు.

మరి రాజులు కట్టించిన పెద్దపెద్ద గుమ్మటాల మాటేమిటి? కృష్ణగిరి కోట ఉన్న బారామహల్ ప్రాంతం 1792లో శ్రీరంగపట్నం సంధివల్ల ఆంగ్లేయులకు దక్కేవరకు మైసూరు పాలనలో ఉండేది. ఆ పాలకుడు హైదర్ అలీ 1782 డిసెంబరు 7న చిత్తూరు సమీపంలోని దండులో మరణించాడు. 1799 మే 4న యుద్ధంలో మరణించిన అతని కుమారుడు టిపూ సుల్తానునూ, అతనినీ శ్రీరంగపట్నంలోని గుంబజ్‌లోనే పక్కపక్కన సమాధి చేశారు. గోలకొండవద్ద కుతుబ్‌షాహీల సమాధులు ఉన్నాయి. వాటి ఆవరణలో రాజవంశీయుల మృతదేహాలకు స్నానం చేయించడానికి కట్టిన స్నానశాలను ఇప్పటికీ చూడవచ్చు. రాజైనా స్నానం, కఫన్, మట్టి తప్పలేదని ఆ కట్టడం చెబుతుంది. మరొకవైపు 1707లో మరణించిన మొగలు చక్రవర్తి ఔరంగజేబు సమాధి మహారాష్ట్రలోని ఖుల్దాబాదులో పైకప్పులేక ఆకాశం కింద ఉంది. గుమ్మటాలు రాజుల వైభవానికి గుర్తులు. ధర్మశాస్త్రం కోరినది సాదాగోరీ మాత్రమే.

ఖననంతో సమాజం పని ముగియదు. నిజానికి కష్టమైన భాగం అప్పుడే మొదలవుతుంది.

శవయాత్ర వెళ్ళిన ఇంట్లో పొయ్యి వెలగదు. ప్రవక్త పెదతండ్రి కుమారుడు జాఫర్ క్రీ.శ. 629లో మూతా యుద్ధంలో మరణించాడు. ఆ వార్త వచ్చినప్పుడు జాఫర్ కుటుంబంవారు దుఃఖంలో ఉన్నారు గనుక వారికి ఇతరులు వండి పంపాలని ప్రవక్త ఆదేశించినట్లు హదీసులలో ఉంది. అందువల్ల బంధువులు, ఇరుగుపొరుగువారు ఆ ఇంటికి భోజనం పంపుతారు. పరామర్శకు మూడు రోజులు కేటాయిస్తారు. దక్షిణాదిలో చాలాచోట్ల మూడవ రోజున జియారత్ అనీ, నలభైయవ రోజున చహల్లుం అనీ జరిపే వాడుక ఉంది. వీటిని పాటించేవారూ ఉన్నారు, మతంలో విధించినవి కావని మానినవారూ ఉన్నారు. అయితే అప్పు తెచ్చి పదిమందికి విందు చేయాలని ఎవరూ ఆ కుటుంబాన్ని ఒత్తిడి చేయకూడదు. భోజనం ఆ ఇంటికి వెళ్ళాలిగాని ఆ ఇంటినుండి రాకూడదు.

భర్తను పోగొట్టుకొన్న స్త్రీ నాలుగు నెలల పది రోజులు ఇద్దత్ పాటిస్తుంది. గర్భవతి అయితే ప్రసవంవరకు పాటిస్తుంది. ఆ కాలంలో ఆమె అలంకరణలు మాని, భర్త ఇంటనే ఉంటుంది. మరల వివాహం చేసికోదు. ఆ గడువు ముగిసిన తరువాత పునర్వివాహానికి ఎట్టి అభ్యంతరమూ లేదు. వితంతువు అయినందున ఆమె జీవితాంతం శుభకార్యాలకు దూరంగా ఉండాలన్న నియమం ఇస్లాంలో లేదు. కూలిపనిమీద బ్రతికే ఇల్లాలు ఇద్దత్ కాలంలో ఎలా బ్రతకాలి అన్న ప్రశ్నను కూడా ధర్మశాస్త్రజ్ఞులు ఆలోచించారు. పోషణకు వేరే దారి లేనప్పుడు ఆమె పగటివేళ పనికి వెళ్ళి రాత్రికి ఇల్లు చేరవచ్చునని హనఫీ పండితులు చెప్పారు. ఆమె గడపదాటే అవసరం రాకుండా చూడగలిగితే అది ఇరుగుపొరుగువారి ఘనత.

ఇక అప్పుల సంగతి. ఒక మనిషి మరణిస్తే అతని ఆస్తిని ఏ క్రమంలో ఖర్చు చేయాలో ధర్మశాస్త్రం నిర్ణయించింది. మొదట ఖనన ఖర్చులు. రెండవది అప్పులు. మూడవది వీలునామా, అదీ మిగిలినదానిలో మూడింట ఒక వంతుకు మించకుండా. నాలుగవది వారసుల వాటాలు. భర్త భార్యకు ఇవ్వవలసిన మహర్ ధనం చెల్లించకుండా మరణిస్తే అదికూడా అప్పే. వారసులు పంచుకొనడానికి ముందే దానిని ఆమెకు చెల్లించాలి. మన దేశంలో ముస్లింల వారసత్వ విషయాలకు 1937 నాటి షరియత్ అనువర్తన చట్టం ఆధారంగా ఉన్నది.

ఒక ఉదాహరణతో దీనిని గ్రహించవచ్చు. కృష్ణగిరిలో ఒక దర్జీ మరణించాడనుకొందాం. అతనికి భార్య, ఒక కుమారుడు, ఒక కుమార్తె మిగిలారు. తల్లిదండ్రులు అంతకుముందే మరణించారు. అతడు విడిచినది 60,000 రూపాయలు. ఖననానికి 6,000 ఖర్చయింది. బట్టల వ్యాపారికి 8,000 బాకీ ఉంది. భార్యకు ఇవ్వని మహర్ 10,000. ఇవన్నీ పోగా 36,000 మిగిలింది. వీలునామా లేదు. సంతానం ఉన్నందువల్ల భార్యకు ఎనిమిదవ వంతు, అనగా 4,500 వస్తుంది. మిగిలిన 31,500లో కుమారునికి రెండు పాళ్ళు 21,000, కుమార్తెకు ఒక పాలు 10,500 వస్తాయి. మహర్‌తో కలిపి ఆ తల్లి చేతికి 14,500 అందుతుంది. మహర్ సంగతి ఎవరూ గుర్తు చేయకపోతే ఆమె తన సొమ్మును తానే పోగొట్టుకొంటుంది. ఆడపిల్ల వాటాను అన్న దగ్గరే ఉండనిమ్మని పెద్దలు సర్దిచెబితే ఆ బాలిక హక్కు పోతుంది. దుఃఖంలో ఉన్నవారికి ఓదార్పు మాటలతోపాటు లెక్క తెలిసిన మనిషి కూడా అవసరం. మనం నిత్యం వాడే బాకీ, హక్కు, వారసుడు అనే మాటలు మూడూ అరబ్బీ మూలంనుండి తెలుగులోకి వచ్చినవే కావడం విశేషం.

ఆ దర్జీ ఏమీ విడువక, అప్పుమాత్రమే విడిచి ఉంటే ఏమిటి? పూర్వం కొద్ది దీనార్లు బాకీపడి మరణించిన ఒకనికి జనాజా నమాజు చేయించడానికి ప్రవక్త వెనుకాడారు. అబూఖతాదా అనే అనుచరుడు ముందుకు వచ్చి ఆ అప్పు తనదని ఒప్పుకొన్నాడు. అప్పుడు ప్రవక్త నమాజు చేయించారు. తరువాత కాలంలో స్తోమత కలిగినప్పుడు అప్పుతో మరణించినవారి బాకీలను ప్రవక్త తానే తీర్చేవారు. చనిపోయినవాని అప్పును బ్రతికినవాడు తన నెత్తిన వేసికోవడం ఈ సంప్రదాయంలో గొప్ప సత్కార్యం.

ఇలాంటి సందర్భాలలో మసీదు జమాత్, దాని నిర్వాహకుడైన ముతవల్లీ పూనుకొని విరాళాలు సేకరిస్తారు. స్తోమత ఉన్న ముస్లిం తన నిల్వసొమ్ములో ఏటా నూటికి రెండున్నర వంతు జకాత్‌గా ఇవ్వాలి. హనఫీ సంప్రదాయం ప్రకారం జకాత్ బ్రతికి ఉన్న పేదల చేతికే చేరాలి. కఫన్ ఖర్చుకు దానిని వాడరాదు. అందుకే కఫన్‌కూ, గోయి తవ్వినవారి కూలికీ వేరే విరాళాలు కూడగడతారు. జకాత్‌ను వితంతువుకు, అనాథ బిడ్డలకు అందజేస్తారు.

ప్రభుత్వపరంగా కూడా కొన్ని ఏర్పాట్లు ఉన్నాయి. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం మరణాన్ని 21 రోజులలోగా నమోదు చేయించాలి. మరణ ధ్రువపత్రం లేకపోతే బ్యాంకు సొమ్ము, బీమా, పింఛను ఏదీ సులభంగా రాదు. తమిళనాడులో నిరాశ్రయులైన వితంతువులకు పింఛను పథకం 1975లో ప్రారంభమైంది. పేద ముస్లిం స్త్రీలకు తోడ్పడడానికి జిల్లాలలో ముస్లిం మహిళా సహాయ సంఘాలు ఏర్పడ్డాయి. సంఘం సేకరించిన విరాళాలకు తోడుగా ప్రభుత్వం కూడా నిధులు సమకూర్చడం వీటి పద్ధతి. పథకాలు ఉన్నా దరఖాస్తులు తమిళంలో ఉంటాయి. ఉర్దూ మాత్రమే తెలిసిన ఇల్లాలికి వాటిని నింపడం కష్టం. తమిళం చదివిన పక్కింటి తెలుగు పిల్లవాడు కలం తీసుకొని కూర్చుంటే ఆ పని అరగంటలో ముగుస్తుంది.

ఈ బాధ్యతకు కఠినమైన పరీక్ష 2020లో వచ్చింది. కోవిడ్ వ్యాధి వ్యాపించినప్పుడు మృతదేహానికి స్నానం చేయించకూడదని, తాకకూడదని కేంద్ర ఆరోగ్యశాఖ ఆ సంవత్సరం మార్చిలో మార్గదర్శకాలు ఇచ్చింది. తాకకుండా చేసే ప్రార్థనలను అనుమతించింది. నీరు వాడడానికి వీలులేనప్పుడు శుభ్రమైన మట్టితో చేసే తయమ్ముం ధర్మశాస్త్రంలో ముందే ఉంది. దానికీ వీలులేనిచోట కేవలం ప్రార్థనతో సాగనంపవచ్చునని పండితులు చెప్పారు. ఆచారంకంటె బ్రతికినవారి ప్రాణరక్షణ ముఖ్యమని అందరూ గ్రహించారు.

అయితే భయం మనుషులను ఎంతగా మార్చగలదో కూడా ఆ రోజులలో తెలిసింది. 2020 ఏప్రిల్‌లో చెన్నైలో కోవిడ్‌తో మరణించిన ఒక వైద్యుని ఖననాన్ని ఒక గుంపు అడ్డగించింది. ఎందరికో వైద్యం చేసినవానికి ఆరడుగుల నేల కరవైంది. ఆ నెలలోనే ఇటువంటి అడ్డగింతను నేరంగా నిర్ణయిస్తూ రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. అదే కాలంలో తమిళనాడులో అనేకచోట్ల ముస్లిం స్వచ్ఛంద సేవకులు రక్షణ దుస్తులు ధరించి, సొంతవారే దగ్గరకు రాలేని మృతదేహాలకు అంత్యక్రియలు నిర్వహించారు. మరణించినవారు హిందువులైతే దహనానికీ, క్రైస్తవులైతే వారి శ్మశానానికీ చేర్చారు. ఫర్జ్ కిఫాయా అనే మాట తమ మతంవారికి వర్తించేదే అయినా, అది నేర్పిన అలవాటు మతం గీతను దాటింది.

పక్కింట దుఃఖం కలిగినప్పుడు ఇతర మతాల విద్యార్థులు ఏమి చేయవచ్చు? శవయాత్ర ఎదురైతే పక్కకు తప్పుకొని మౌనంగా నిలబడవచ్చు. పెద్దలతో కలిసి వెంట నడవవచ్చు. ప్రార్థన వరుసల వెనుక నిశ్శబ్దంగా ఉండవచ్చు. ఇంటికి వండిన భోజనం పంపేముందు వారు తినేదేమిటో అడిగి తెలిసికోవచ్చు. తరగతికి రాలేని మిత్రునికి పాఠాలు వ్రాసి ఇవ్వవచ్చు. ఎలా మరణించారని పదే పదే అడగకుండా ఉండడమూ సాయమే. నెల గడచిన తరువాత, అందరూ మరచిపోయినవేళ, ఒకసారి వెళ్ళి పలకరించడం మరింత పెద్ద సాయం.

ఒకనాడు ప్రవక్త తన అనుచరులతో కూర్చుని ఉండగా ఒక శవయాత్ర ఆ దారిన వెళ్ళింది. ఆయన లేచి నిలబడ్డారు. మరణించినవాడు యూదుడని, తమవాడు కాడని అనుచరులు గుర్తు చేశారు. అతనిదీ ప్రాణమే కదా అన్న భావంతో ప్రవక్త వారికి బదులు చెప్పారు. ఆ గౌరవం ఏ ఒక్క మతానికో పరిమితమైనది కాదు. మోసేవారి భుజాలు మారవచ్చు, మంత్రమో ప్రార్థనో మారవచ్చు, మట్టో నిప్పో మారవచ్చు. మోయవలసిన బరువు మాత్రం అందరిదీ.

కఠిన పదాలకు అర్థాలు

ఖననం = పూడ్చిపెట్టడం
కఫన్ = మృతదేహానికి చుట్టే వస్త్రం
జమాత్ = ఒక మసీదు పరిధిలోని ముస్లిం సమాజం
ముతవల్లీ = మసీదు, వక్ఫ్ ఆస్తుల నిర్వాహకుడు
వక్ఫ్ = దేవుని పేర శాశ్వతంగా సమర్పించిన ఆస్తి
మహర్ = వివాహ సమయంలో భర్త భార్యకు ఇవ్వడానికి ఒప్పుకొన్న ధనం
హదీసు = ప్రవక్త మాటలను, నడవడిని తెలిపే నివేదిక
స్తోమత = ఆర్థికశక్తి

అభ్యాసం

I. ఏకవాక్య సమాధానాలు వ్రాయండి.
1. ఫర్జ్ కిఫాయా అనగా నేమి?
2. కృష్ణగిరి జిల్లా ఎప్పుడు ఏర్పడింది?
3. మన ప్రాంతంలో గోయిని ఉత్తర దక్షిణాలుగా ఎందుకు తవ్వుతారు?
4. మరణాన్ని ఎన్ని రోజులలోగా నమోదు చేయించాలి?

II. ఐదు వాక్యాలలో సమాధానాలు వ్రాయండి.
1. జనాజా నమాజు తక్కిన నమాజులకంటె ఏ విధంగా భిన్నమైనది?
2. మరణించినవాని ఆస్తిని ఏ క్రమంలో ఖర్చు చేయాలి?
3. అబూఖతాదా చేసిన సత్కార్యం ఏది?

III. వ్యాసరూప సమాధానం వ్రాయండి.
1. భోజనం ఆ ఇంటికి వెళ్ళాలిగాని ఆ ఇంటినుండి రాకూడదు. ఈ మాటను సమర్థిస్తూ, ఆప్తులను పోగొట్టుకొన్న కుటుంబానికి సమాజం చేయదగిన సాయాన్ని వివరించండి.

IV. లెక్క కట్టి చూడండి.
పాఠంలోని దర్జీ 84,000 రూపాయలు విడిచి ఉంటే, ఖనన ఖర్చు, అప్పులు మారకుండా ఉంటే, భార్యకు మహర్‌తో కలిపి ఎంత వస్తుంది? పిల్లలకు ఎంతెంత వస్తుంది?

V. వ్యాకరణం
1. విడదీసి సంధి పేరు వ్రాయండి: ఊరంతా, ఒక్కటే, ముస్లింలందరూ.
2. విగ్రహవాక్యం వ్రాసి సమాసం పేరు తెలపండి: భార్యాబిడ్డలు, మూడు దోసిళ్ళు, మృతదేహం.

VI. చేయదగిన పని
మీ వీధిలోని వివిధ మతాల, కులాల పెద్దలను కలిసి, చావు జరిగిన ఇంటికి వారు చేసే సాయాన్ని అడిగి తెలిసికొని ఒక పట్టికగా వ్రాయండి.